మైకు అడిగిన మేనత్త

మా మేనత్త పోయింది. అక్టోబరులో ఒక ఉదయం మా తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. పాలు పోసే ఆయనతో గుమ్మంలో నిలబడి, పాలలో నీళ్ళ గురించి వాదన పెట్టుకుందట. చివరికి ఆయన ఒప్పుకున్నాడట. లోపలికి వచ్చి, కాసేపు నడుం వాలుస్తానని మంచం మీద పడుకుని, మళ్ళీ లేవలేదు. ఎనభై దాటిన మనిషి, మంచం పట్టకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది. అదృష్టవంతురాలని ఆ రోజు వచ్చినవాళ్ళందరూ అన్నారు. నాకు మాత్రం ఫోన్ పెట్టేయగానే ఏడుపు కన్నా ముందు విసుగు వచ్చింది. ముందురోజు సాయంత్రం నాతో మొదలుపెట్టిన వాదన ఇంకా తేలలేదు. తేలకుండా ఏ వాదననూ వదిలిపెట్టే మనిషి కాదు ఆమె. పాలాయన మీద గెలిచి, నన్ను మాత్రం మధ్యలో నిలబెట్టి వెళ్ళింది.

ఆ వాదన ఏమిటో చెప్పాలంటే ముందు రాయి గురించి చెప్పాలి.

యానాంలో చర్చి పక్కన ఒక రాతి స్తంభం ఉంది. ఫ్రెంచి వాళ్ళ కాలంలో ఇక్కడి నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి, తిరిగి రాని వాళ్ళ పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. అందులో మొదటి పేరు మా ముత్తాతది. మేనత్తకి స్వయానా తాత. ఏటా నవంబరులో అక్కడ సభ జరుగుతుంది. రెండు దేశాల జెండాలు కడతారు. బ్యాండు వాళ్ళు వస్తారు. పతకాల కోటుతో ఒక పెద్దాయన ముందు వరుస పక్కన నిలబడతారు. పుదుచ్చేరి నుంచి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి పూలచక్రం పెడతారు. ఆ తరవాత మా కమిటీ పెద్ద లేచి, మొదటి పేరు కాబట్టి మా ముత్తాత గురించి మాట్లాడతారు.

ఆ మాటలు ఏటేటా పెరుగుతూ వచ్చాయి. నా చిన్నతనంలో ఆయన యుద్ధంలో చనిపోయారని మాత్రమే చెప్పేవారు. నేను హైస్కూలుకి వచ్చేసరికి చేతిలో తుపాకీతో చనిపోయారు. నాకు పెళ్ళయ్యేసరికి శత్రువుల మధ్యకి ఒంటరిగా దూసుకుపోయారు. మా పిల్లలు వినేనాటికి రెండో చేతిలోకి జెండా కూడా వచ్చింది. ఈలోగా కమిటీ పెద్దలు మారారు గాని, కొత్తగా వచ్చినవారెవరూ పాతవారు చేర్చినదాన్ని తీసేయలేదు.

ఆ మాటలు చెబుతున్నప్పుడు వెనక వరుసలోంచి ఒక గొంతు వినిపించేది.

"అబద్ధం."

గట్టిగా అరిచేది కాదు మా మేనత్త. ఆస్పత్రి వార్డులో ఈ చివర నిలబడి ఆ చివర మంచం వరకూ వినపడేలా మాట్లాడడం అలవాటైన గొంతు అది. అంతే. ఆమె యానాం ఆస్పత్రిలో నర్సుగా చేరి నర్సుగానే రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "ఊళ్ళో మొగుళ్ళందర్నీ కాన్పుగది బయట చూసేను కదే, చాలు" అనేది. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. ఎవరు ఏమన్నా, "నువ్వు పుట్టినప్పుడు నిన్ను తలకిందులుగా పట్టుకుని వీపు మీద కొట్టింది నేనే, గుర్తుంచుకో" అనేది. 

ఇప్పటి కమిటీ పెద్ద కూడా ఆమె చేతుల్లో పుట్టినవారే. అరవై దాటినవారు, సర్కారు ఉద్యోగం చేసి రిటైరైనవారు, నలుగురిలో పరువున్న మనిషి. ఆయన గురించి మా మేనత్త ఎప్పుడూ ఒకటే మాట. "ఎదురుకాళ్ళతో పుట్టేడే. అప్పట్నించీ అన్నీ ఎదురే." ఆయన ఎదురుగానే అనేది. పాపం, ఆయన నవ్వి ఊరుకునేవారు.

సభలో ఆమె పక్కన కూర్చునే పని నాది. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. క్లాసులో అల్లరి పిల్లల పక్కన కూర్చోబెట్టే బుద్ధిమంతురాలి పాత్ర మా ఇంట్లో నాకు వచ్చింది. ముందురోజే చర్చి నుంచి ఫాదర్ గారు ఫోన్ చేసేవారు. "అమ్మా, రేపు మీ అత్తని కాస్త చూసుకోండి" అని. నేను పిప్పరమెంటు బిళ్ళలు కొని బ్యాగులో పెట్టుకునేదాన్ని. ప్రసంగం మొదలవగానే ఒకటి ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఆమె దాన్ని బుగ్గన పెట్టుకుని, ఆ బిళ్ళ పక్కనుంచే స్పష్టంగా "అబద్ధం" అనేది.

"అత్తా, ఊరుకో. పై ఊరి వాళ్ళున్నారు."

"ఉంటే ఏం? ఆళ్ళకి మాత్రం నిజం అక్కర్లేదా?"

ఆమె చెప్పే నిజం ఇది. మా ముత్తాతకి పడవ పని. యానాం నుంచి కాకినాడ వైపు సరుకు పడవల మీద తిరిగేవాడు. కొత్తగా పెళ్ళయి, కొడుకు పుట్టిన ఏడాది, అత్తవారింట్లో పండగ విందుకి వెళ్ళాడు. కోడిని కోసి వండారు. తోడల్లుడి విస్తట్లో తొడ వేసి, ఈయన విస్తట్లో మెడ ముక్క వేశారు. విస్తరి ముందునుంచి లేచిపోయాడు. పెళ్ళాం వెనకాల వీధి చివరి దాకా వచ్చి పిలిచినా వెనక్కి చూడలేదు. అప్పుడే యుద్ధానికి మనుషుల్ని తీసుకుంటున్నారు. ఆ కోపంలోనే వెళ్ళి పేరిచ్చాడు. కోపం తగ్గేసరికి ఓడ ఎక్కి ఉన్నాడు. అక్కడ ఆయనకి తుపాకీ ఇవ్వలేదు, మూటలు మోసే పని ఇచ్చారు. మంచులో రొమ్ము పట్టేసి, దగ్గి దగ్గి, ఏదో ఆస్పత్రిలో పోయాడు. శత్రువు అనేవాడిని కంటితో చూసి ఉండడు. ఈ సంగతంతా ఆయనతో పాటు వెళ్ళి బతికి వచ్చిన కనకాలపేట మనిషి ఒకాయన, మా తాతమ్మకి, అంటే ఆయన వదిలేసి వెళ్ళిన పెళ్ళానికి, అరుగు మీద కూర్చుని చెప్పాడు. తాతమ్మ పక్కలో పడుకుని పెరిగిన మేనత్తకి ఆమె చెప్పింది.

"నిమోనియా" అనేది మేనత్త, రోగిని చూసి వచ్చినట్టుగా. "బుల్లెట్టు కాదు. నిమోనియా."

ఇందులో నిమోనియాకన్నా మాకు తలవంపుగా ఉండేది కోడిమెడ. పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒకావిడ సభ అయ్యాక మర్యాదగా వచ్చి, "మీ తాతగారు ఏ ఆశయంతో సైన్యంలో చేరారమ్మా" అని అడిగితే, మా మేనత్త పూసగుచ్చినట్టు విందు కథంతా చెప్పింది. ఎవరి విస్తట్లో ఏ ముక్క పడిందో కూడా వదల్లేదు. ఆవిడ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

"ఎందుకు అత్తా నీకిదంతా" అని ఇంటికి వచ్చాక విసుక్కున్నాను. "ఆయన పోయి వందేళ్ళు దాటింది. వీరుడంటే నీకొచ్చిన నష్టమేంటి? మంచి మాటే కదా అంటున్నారు."

ఆమె అప్పుడు చేతులు కడుక్కుంటోంది. బయటికి వెళ్ళొస్తే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేది, రిటైరైనా ఆ అలవాటు పోలేదు. మమ్మల్నందరినీ కూడా కడుక్కోమని ప్రాణం తీసేది. కడుక్కుంటూనే చెప్పింది.

"మా నాయనమ్మని ఏటా ఆ సభలో ముందు కుర్చీలో కూర్చోబెట్టేవోరే. నన్ను చంకనేసుకుని వచ్చేది. ఫ్రెంచి దొరలు ఈళ్ళకి భయమన్నదే లేదని చెప్తుంటే ఇదెవరి గురించమ్మా అని నన్నడిగేది. చిన్నపిల్లని, నాకేం తెలుసు? ఓసారి ఇంటికొచ్చేక ఏడుత్తా చెప్పింది. ఆయనకి చలంటే భయమే. క్రిస్మస్ నెల చలికే దుప్పట్లోంచి లేచేవోడు కాదు. భయపడేవోణ్ణి భయం లేదంటే, ఆయన్ని తీసేసి ఇంకెవర్నో పెట్టినట్టే. నా మనిషిని నాక్కాకుండా చేసేత్తన్నారే, అని."

 "ముందు నువ్వు చేతులు కడుక్కో" అంది ఆమె.

ఇలాంటి మనిషికి కమిటీ వాళ్ళు విగ్రహం కబురు మోసుకొచ్చారు.

రాతి స్తంభం పక్కనే సైనికుడి విగ్రహం పెట్టాలని నిర్ణయించారు. మొదటి పేరు మా ముత్తాతది కాబట్టి ఆయన పేరు మీదే. ఆ వంశంలో అందరికన్నా పెద్దది మేనత్త కాబట్టి ముసుగు తీయాల్సింది ఆమె. కమిటీ పెద్ద స్వయంగా ఇంటికి వచ్చి, శాలువా కప్పి మరీ అడిగారు. మా తమ్ముడూ నేనూ సంతోషించాం. మేనత్త శాలువాని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"తుపాకీ ఉంటాదా?"

"ఉంటుందండి మరి. సైనికుడు కదండి."

"అయితే నేను రాను."

నాలుగైదు నెలలు ఇదే గొడవ. ఆయన రావడం, కాఫీ తాగడం, ఈవిడ రానని చెప్పడం. చర్చిలో పూజ అయ్యాక మెట్ల దగ్గర ఒకసారి, రేషన్ షాపు దగ్గర ఒకసారి, ఎవరిదో పెళ్ళి భోజనాల్లో ఒకసారి ఆయన్ని పట్టుకుని తుపాకీ సంగతి ఏం చేశావని అడిగింది. ఆయన నాకు ఫోన్ చేసి మొత్తుకునేవారు. "టీచరుగారూ, మీరైనా చెప్పండి. తుపాకీ లేకుండా పెడితే ఎవరో కూలి మనిషి అనుకుంటారండి జనం." నేను ఆ మాట మేనత్తకి చేరవేస్తే, "మరి ఆయన చేసింది అదే కదా" అనేది. అటు ఆయన, ఇటు ఈమె, మధ్యలో నా ఫోన్ బిల్లు. లోకంలో మనుషుల తాతలందరూ ఇంట్లోనే పోయారు, నా ముత్తాతకే ఈ ఓడెక్కే బుద్ధి ఎందుకు పుట్టిందా అని తిట్టుకునేదాన్ని.

చివరికి ఒక ఆదివారం పూజ కాగానే, శిల్పి దగ్గరికి తీసుకెళ్ళమని నా మీద పడింది. ఎదుర్లంక వంతెన దాటి కోనసీమలో కొంత దూరం వెళ్ళాలి. ఎండలో ఆటోలో తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఆటో ఆయనకి బ్రేకులు చూపించుకోమని చెబుతూనే ఉంది.

శిల్పిది కొబ్బరితోట పక్కన రేకుల షెడ్డు. నాయకులవీ దేవతలవీ సగం సగం బొమ్మలు చుట్టూ ఉన్నాయి. మధ్యలో తడిగుడ్డ కప్పిన మట్టి బొమ్మ. ఆయన గుడ్డ తీశాడు. పెద్ద మీసం, విరిసిన ఛాతీ, ఎత్తిపట్టిన తుపాకీ.

మేనత్త కళ్ళజోడు సర్దుకుని చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎవరీయన?"

"మీ తాతగారేనండి" అన్నాడు శిల్పి. నలభై ఏళ్ళ మనిషి, మాట మెత్తన.

"ఈ మీసం ఎవరు చెప్పేరు?"

"ఫొటో లేదన్నారండి. సైనికుడికి బాగుంటాదని పెట్టేను."

"ఈ రొమ్ము చూడు, ఎంత ఉందో. ఈ రొమ్మున్నోడు నిమోనియాతో పోతాడా?" అని బొమ్మ పక్కటెముకల మీద వేళ్ళతో తట్టి చూసింది. మట్టి ఇంకా తడిగా ఉంది, వేళ్ళ గుర్తులు పడ్డాయి. నేను క్షమించమన్నట్టు ఆయన వైపు చూశాను. ఆయన ఏమీ అనుకోలేదు. చెయ్యి తడిచేసుకుని ఆ గుర్తులు సర్దుతూ అడిగాడు.

"తుపాకీ వద్దన్నారని కమిటీ ఆయన చెప్పేరండి. నాకేం అభ్యంతరం లేదమ్మా, తీసేత్తాను. కాని తీసేత్తే చేతులు ఖాళీ అయిపోతాయండి. ఏం పెట్టమంటారు?"

మేనత్త నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది.

"మూట పెట్టమంటారా అండి? తెడ్డు పెట్టమంటారా? పోనీ, ఉత్త చేతులే ఉంచీమంటారా? మీరేదంటే అది చేత్తాను. ఆయన చేతులు ఎలాగుండేవో మీరు చెప్పాలి కదండి."

ఆమె ఆ మట్టి చేతుల వైపు చూస్తూ నిలబడింది. నా జీవితంలో మా మేనత్త దగ్గర జవాబు లేకపోవడం చూసింది అదే మొదటిసారి. గొడవ ఆగితే ఊపిరి పీల్చుకుంటానని ఇన్నాళ్ళూ అనుకున్నాను గాని, అప్పుడు నాకే భయం వేసింది. ఆయన కొబ్బరినీళ్ళు కొట్టి ఇచ్చాడు. ఆమె తాగేసింది. గ్లాసు కడిగారా లేదా అని కూడా అడగలేదు.

వెనక్కి వస్తుంటే వంతెన మీద గాలి బాగా కొట్టింది. ఆమె కొంగు నిండా కప్పుకుని, గోదావరి వైపు చూస్తూ అంది.

"కోడిమెడ తెలుసు. దగ్గు తెలుసు. ఆయన చేతుల్లో ఏముండేదో నాకూ తెలీదే. నాయనమ్మని అడగాలని తోచలేదు. పోన్లే అత్తా అనకు."

నేను పోన్లే అనబోతున్న మాట నిజమే. మింగేశాను.

మర్నాడు కమిటీ పెద్దని ఇంటికి పిలిపించింది. తుపాకీ ఉంచుకోమంది. మీసం కూడా ఉంచుకోమంది. ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడు చెప్పింది.

"నేను వత్తాను. ముసుగు తీత్తాను. కాని నాకు మైకు ఇవ్వాలి."

ఆయన మొహంలో వెలుగు పోయింది. నా వైపు చూశారు. ఇద్దరం వసారాలోకి వెళ్ళి మాట్లాడుకున్నాం. విగ్రహం తయారవుతోంది, పిలుపులు వెళ్ళిపోయాయి, ఇక ముందుకీ వెనక్కీ దారి లేదు. లోపలికి వచ్చి ఆయన ఒక్కటే షరతు పెట్టారు.

"కోడి మాట మాత్రం ఎత్తకూడదండి నర్సమ్మగారూ. మీకు దణ్ణం పెడతాను."

"ఎత్తను" అంది మేనత్త. "ప్రమాణం చెయ్యమంటావా?"

"అక్కర్లేదండి. మీరు చెప్తే చాలు."

ఆ నవంబరు సభకి ముందు వారమంతా నాకు నిద్ర సరిగ్గా లేదు. ఏం మాట్లాడతావని అడిగితే, "నీకెందుకు, నీ పిప్పరమెంట్లు నువ్వు తెచ్చుకో" అంది. రాసుకోమంటే, "రాసుకుంటే అబద్ధాలొత్తాయి" అంది. ఆ రోజు ఉతికి గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని, ముంజేతి లోపలి వైపు గడియారం పెట్టుకుని, ముందు వరుసలో కూర్చుంది. ప్రసంగాలు నడిచాయి. శత్రువులూ వచ్చారు, జెండా కూడా వచ్చింది. ఒక్కసారి కూడా ఆమె నోరు విప్పలేదు. ఫాదర్ గారు ఆశ్చర్యంగా నా వైపు చూశారు. ముసుగు తీసింది. బ్యాండు వాయించారు. అందరూ చప్పట్లు కొట్టారు. కమిటీ పెద్ద, మాట ఇచ్చిన మనిషి కాబట్టి, మైకు తెచ్చి ఆమె చేతికి ఇచ్చారు.

"అందరికీ నమస్కారం" అంది. మైకు అక్కర్లేని గొంతు, మైకులో పడేసరికి చర్చి గోడకి తగిలి మళ్ళీ వచ్చింది. ఆమె కాస్త దూరం జరిపి పట్టుకుంది.

"ఈ మొదటి పేరు మా తాతది. నేనాయన్ని చూడలేదు. మా నాన్నకీ ఆయన మొహం తెలీదు. మంచులో రొమ్ము పట్టేసి పోయేడని మా నాయనమ్మ చెప్పేది. చలంటే ఆయనకి భయం. పక్కన ఎవరైనా ఉన్నారో లేదో, కాసిని వేన్నీళ్ళు పట్టేరో లేదో తెలీక, మా నాయనమ్మ పోయేదాకా అదే అడిగేది. ఇక్కడికొచ్చి మాటాడినోళ్ళు ఎవరూ అది చెప్పలేదు. చెప్పలేరు. ఎవరికీ తెలీదు. భయపడి కూడా నిలబడ్డాడో, పారిపోయే దారి లేక ఉన్నాడో, నాకూ తెలీదు. తెలీదని చెప్పడానికే ఈ మైకు అడిగేను. ఆస్పత్రిలో మాకు నేర్పేరు. తెలీనప్పుడు తెలీదని రాయండి, ఊహించి రాత్తే మనిషి పోతాడని. ఈ రాయి మీదున్నోళ్ళని రెండోసారి పోగొట్టకండి. ఉంటానండి."

మైకు ఇచ్చేసి కూర్చుంది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో తెలియలేదు. బ్యాండు ఆయన కంగారుపడి, ఇంకా ఒక ప్రసంగం ఉండగానే జాతీయ గీతం మొదలుపెట్టేశాడు. అందరూ లేచి నిలబడ్డారు. సభ అలాగే అయిపోయింది.

సిగ్గుతో తల ఎత్తలేక నేను ఆమెని ఇంటికి తీసుకొచ్చాను. "కోడి మాట ఎత్తలేదు కదా" అంది దారిలో, చాలా తృప్తిగా.

అంతటితో పోతే బాగుండేది. మేం ఇంటికి చేరిన కాసేపటికి ఫరంపేట నుంచి ఒక ముసలావిడ వచ్చింది. మేనత్తకి ముఖపరిచయం అంతే. అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ తాత ఆ యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాడు. రాయి మీద పేరు లేదు. వచ్చాక మంచం మీద పడుకునేవాడు కాదట, గుమ్మానికి అడ్డంగా నేల మీద పడుకునేవాడట. దీపావళి వస్తే పెళ్ళాం చెవుల్లో దూది పెట్టి లోపల గదిలో కూర్చోబెట్టేదట. "ఇదెప్పుడూ ఎవరికీ చెప్పలేదండి. పిచ్చోడి వంశం అంటారని. ఇయ్యాల మీరు చెప్తే చెప్పాలనిపించింది" అంది. మేనత్త ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. సలహా ఇవ్వలేదు, దిద్దలేదు. ఆవిడ ఏడ్చింది. "ఏడుపొత్తే ఏడమ్మా" అని నా వైపు తిరిగి, "నువ్వు అడ్డు లేచి కాఫీ పెట్టు, గాలాడాలి" అంది.

మరుసటి ఏడాది సభ అయ్యాక ఇంకొందరు వచ్చారు. ఆపై ఏడాది ఇంకొందరు. రాయి మీద పేర్లున్న వాళ్ళ మనవలూ, పేర్లు లేనివాళ్ళ మనవలూ, యుద్ధానికి సంబంధమే లేకుండా గల్ఫులో పోయిన కొడుకు గురించి చెప్పుకోవడానికి ఒకాయన. అరుగు చాలక వీధిలోకి కుర్చీలు వేయాల్సి వచ్చింది. కాఫీ పెట్టేది నేనే. పాలు చాలలేదని పరుగెత్తేది నేనే. వచ్చినవాళ్ళ చేత చేతులు కడిగించే సబ్బు అందించేదీ నేనే. అక్కడ చర్చి పక్కన విగ్రహం తుపాకీ ఎత్తి పట్టుకుని ఉంటే, ఇక్కడ మా అరుగు మీద రెండో సభ. అక్కడ ప్రసంగం మాత్రం మారలేదు. మారనందుకు ఆమె ఏడాదంతా కమిటీ పెద్దని వేధించింది, ఆయన నన్ను వేధించారు.

ఆమె పోయే ముందురోజు సాయంత్రం నాతో పెట్టుకున్న వాదన కూడా అదే. ఈసారి ఆహ్వానపత్రిక మీద మళ్ళీ "వీరోచిత పోరాటంలో" అని వేస్తున్నారట. నువ్వెళ్ళి ఆ మాట తీయించు అంది. పరీక్ష పేపర్లు దిద్దాలి, నావల్ల కాదన్నాను. అయితే పేపర్లు తే, నేను దిద్దుతాను, నువ్వు వెళ్ళు అంది. నీకు లెక్కలు రావు అన్నాను. నీకు మాటలు రావు అంది. అంతటితో ఫోన్ పెట్టేసింది.

అంత్యక్రియల రోజు కమిటీ పెద్ద అందరికన్నా ముందు వచ్చారు. శవపేటిక మీద జెండా కప్పుదామా, బ్యాండు పెట్టిద్దామా అని మెల్లిగా అడిగారు. "వద్దండి" అన్నాను. "లేచి కూర్చుంటుంది." ఆయన నవ్వబోయి, ఆపుకోలేక, గోడ వైపు తిరిగి ఏడ్చేశారు. "నన్ను పట్టుకున్న చేతులండి ఆవిడవి" అన్నారు. సమాధుల తోటలో అందరూ మట్టి వేసి వెళ్ళిపోయాక కూడా ఆయన గొడుగు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నారు. వర్షం అప్పటికి ఆగిపోయింది.

నవంబరులో సభకి వెళ్ళాను. వెళ్ళాలని లేదు. ఆహ్వానపత్రిక మీద "వీరోచిత పోరాటంలో" అనే ఉంది. అచ్చయిపోయిందట. వెనక వరుసలో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నా పక్కన ఎవరినీ అదుపు చేసే పని లేదు. పూలచక్రం పెట్టారు. కమిటీ పెద్ద లేచి, జేబులోంచి కాగితం తీసి, ఎప్పటిలాగే మొదలుపెట్టారు. చేతిలో తుపాకీతో, అన్నారు. అని ఆగారు. ఈసారి వెనకనుంచి ఏ గొంతూ రాలేదు. ఆయన తల ఎత్తి నేను కూర్చున్న వైపు చూశారు. చాలాసేపు చూశారు. జనం కదలడం మొదలుపెట్టారు, మైకు చెడిపోయిందేమోనని ఒకాయన లేచి వైరు చూశాడు.

"చేతిలో ఏముందో తెలీదండి" అన్నారు కమిటీ పెద్ద. "జబ్బు చేసి పోయేరని వాళ్ళింట్లో వాళ్ళు చెప్తారు. పక్కన ఎవరున్నారో మనకెవరికీ తెలీదు. మిగతా వాళ్ళ గురించి కూడా మనకి పెద్దగా తెలీదండి. పేర్లు తెలుసు. పేర్లు చదువుతాను."

చదివారు. తొందరపడకుండా, ఒక్కొక్క పేరూ. అయిపోయాక మాత్రం ఉండబట్టలేక, "అయినా వీళ్ళందరూ మన యానాం గర్వకారణం" అని తగిలించారు. మా మేనత్త ఉంటే దాన్నీ వదిలేది కాదు. నేను వదిలేశాను.

జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఫ్రాన్సు సైన్యంలో పనిచేసి, పెన్షన్ మీద యానాంలో స్థిరపడిన ఆ పెద్దాయన మాత్రం కదల్లేదు. ప్రతి సభకీ పతకాలు పెట్టుకున్న కోటుతో వచ్చి, మొదటినుంచి చివరిదాకా ముందు వరుస పక్కన నిటారుగా నిలబడే మనిషి. కుర్చీ వేసినా కూర్చోరు. ఆయన ఆ రోజు అందరూ వెళ్ళేదాకా ఆగి, మెల్లిగా వెళ్ళి స్తంభం మెట్టు మీద కూర్చున్నారు. వంగి బూట్ల లేసులు విప్పుకున్నారు. బూట్లు రెండూ తీసి పక్కన జతగా పెట్టి, మేజోళ్ళు కూడా తీసి వాటిలో కుక్కి, ఉత్తి పాదాలు చల్లటి రాతి మీద ఆనించి, వీధిలో వెళ్ళే సైకిళ్ళనూ ఆటోలనూ చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నారు.